నానమ్మ చేతులకు పగుళ్లు కావలెను

మా తమ్ముడి కొడుకు డాలస్ పక్కన ఫ్రిస్కోలో పన్నెండో తరగతి చదువుతున్నాడు. మొన్న తెనాలికి వీడియో కాల్ చేసి, బాగున్నారా అని కూడా అడక్కుండా, "పెదనాన్నా, నానమ్మ చేతులు ఫొటో తీసి పంపవా? కొంచెం క్రాక్స్ కనపడాలి" అన్నాడు. చర్మవ్యాధులు కనిపెట్టే యాప్ ఏదో వచ్చిందనుకున్నాను. కాదట, కాలేజీ వ్యాసమట.

అక్కడ సీటుకు మార్కులొక్కటే చాలవు. 650 మాటలు దాటకుండా తన గురించి తాను రాసుకోవాలి. 2023 జూన్ 29న హార్వర్డ్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల కేసుల్లో అక్కడి సుప్రీంకోర్టు, సీట్లిచ్చేటప్పుడు జాతి చూడొద్దని తీర్పిచ్చింది. ఆ జాతి తన బతుకు మీద ఏ ముద్ర వేసిందో పిల్లాడే రాసుకుంటే మాత్రం చదవొచ్చని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ ఒక కిటికీ తెరిచి ఉంచారు. మనవాళ్లకు కిటికీ చాలదూ? ఆర్టీసీ బస్సులో కర్చీఫ్ వేసింది అందులోంచేగా!

గంటకింతని డాలర్లు పుచ్చుకునే సలహాదారు ఒకావిడ మావాడి వ్యాసం చదివి, "నీ కథలో కష్టం తక్కువైంది" అందట, డాక్టరు ఒంట్లో రక్తం తక్కువైందన్నట్టు. ఫ్రిస్కోలో నాలుగు పడగ్గదుల ఇంట్లో కష్టం ఎక్కడ దొరుకుతుంది? అందుకే ఆవకాయలాగా అదీ తెనాలి నుంచే రావాలి.

తిరగరాసింది చదివి వినిపించాడు. బడిలో పులిహోర డబ్బా మూత తీస్తే తోటిపిల్లలు ముక్కు మూసుకున్నారట. వాడు బడిలో పీజా తప్ప తిన్న పాపాన పోలేదు. నానమ్మ మతిమరుపు చూసి మెదడు డాక్టరు కావాలనుకున్నాడట. మా అమ్మకు మతిమరుపా! 1974లో మా పెద్దత్తయ్య పట్టుకెళ్లి తిరిగివ్వని ఇత్తడి బిందె సొట్ట ఏ వైపుందో ఇవాళ్టికీ చెబుతుంది. మట్టిలో పనిచేసి చేతులు పగిలాయట. ఆవిడ పొలం గట్టెక్కిందే తక్కువ, ఇంటికొచ్చిన కౌలు బస్తాలు లెక్కపెట్టింది.

ఇక అసలు వాక్యం: "మా నాన్న 1998లో రెండు సూట్‌కేసులతో ఈ దేశంలో అడుగుపెట్టాడు." అక్షరాలా నిజం. సర్దింది నేనే. ఒకదాంట్లో ప్రెషర్ కుక్కర్, దాని కడుపులో కందిపొడి, కవరు మీద కవరు వేసి పాత లుంగీ చుట్టిన గోంగూర పచ్చడి. రెండోదాంట్లో బట్టలు. సూట్‌కేసుల్లో పట్టనివి కొన్నున్నాయి: నాన్న అమ్మిన రెండెకరాల మాగాణి, గుంటూరులో లాంగ్‌టర్మ్ కోచింగ్, డొనేషన్ కట్టి కొన్న ఇంజినీరింగ్ సీటు, న్యూజెర్సీ ఎయిర్‌పోర్టుకు కారేసుకొచ్చి నెల్లాళ్లు ఇంట్లో పెట్టుకున్న మా కులపాయన. 2000లో కంప్యూటర్లు తేదీ మరిచిపోతాయని అమెరికా బెంబేలెత్తి మనుషుల్ని పిలుచుకుంటున్న రోజులవి. ఇవేవీ వ్యాసంలో లేవు. ఆ రెండెకరాలు కౌలుకు చేసినాయన మనవడికీ ఈ ఏడే కాలేజీ. వాణ్ణి వ్యాసం ఎవరూ అడగరు, ర్యాంకు అడుగుతారు.

అంత కష్టమే కావాలంటే ఫ్రిస్కోలోనే, వాళ్లకు రెండిళ్ల అవతల ఉంది. మూడేళ్లప్పుడు హెచ్-4 వీసా మీద వచ్చిన తెలుగు పిల్ల. వాళ్ల నాన్న గ్రీన్‌కార్డు వరసలో నిలబడ్డాడు. ఏ దేశానికైనా ఏడాదికి ఏడు శాతం మించి ఇవ్వరు గనక ఆ వరస కదలదు. ఇరవై ఒకటి నిండితే తండ్రి వీసా నీడ పిల్లకు ఉండదు. ఆమె నేపథ్యం గురించి రాయాలంటే సలహాదారు అక్కర్లేదు, గోడమీద క్యాలెండర్ చాలు.

మావాడి మీద నాకు కోపం లేదు. వాడికి నిజంగా పిచ్చి దేనిమీదో తెలుసా? గాలివానలు. టెక్సాస్‌లో సుడిగాలి సైరన్ మోగితే అందరూ లోపలికి పరిగెత్తుతారు, వీడు కిటికీ దగ్గర నోటుబుక్కు పట్టుకుంటాడు. పదేళ్లప్పుడు సెలవులకొచ్చి, 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన రాత్రి సంగతి నానమ్మ చేత నాలుగుసార్లు చెప్పించుకున్నాడు. తలుపుకు మంచం అడ్డం పెట్టి ఇద్దరు మనుషులు ఎలా ఆనుకున్నారో, తెల్లారాక చెట్లు ఏ దిక్కుకు పడున్నాయో అడిగి బొమ్మ గీసుకున్నాడు. ఆ కాగితం ఇప్పటికీ మా బీరువాలో ఉంది. మొదటి వ్యాసంలో అదే రాశాడట. "వాతావరణంలో వారసత్వం కనపడటం లేదు" అని కొట్టేసింది సలహాదారు.

సరే, అడిగాడు గదా అని అమ్మను చేతులు చాపమన్నాను. "ఇప్పుడెందుకురా, పెళ్లిచూపులా?" అంది. ఫొటో తీసి పంపాను, బొమ్మ గీసిన కాగితం కూడా తీసి దాంతోపాటే పంపాను. చేతుల ఫొటో పనికిరాదని జవాబొచ్చింది. అట్లతద్దికి పెట్టుకున్న గోరింటాకు ఎర్రగా పండి ఉంది.