సైటు పోవాలి, చూపు సంగతి తర్వాత

"నెల రోజుల్లో మీ కళ్లజోడు తీసి అవతల పారేస్తారు" అని హామీ ఇచ్చే వీడియోలకు యూట్యూబులో కరువు లేదు. చెప్పే మనిషి మారతాడు గానీ మందు మారదు. బాదం, సోంపు, పటికబెల్లం సమపాళ్లలో దంచి, పడుకోబోయే ముందు గ్లాసెడు పాలల్లో ఓ చెంచా. పొద్దున్నే నీళ్లు పుక్కిట పట్టి, తెరిచిన కళ్ల మీద చన్నీళ్లు కొట్టుకోవాలి. మంచు ఆరని పచ్చిక మీద చెప్పుల్లేకుండా నడవాలి. అరికాళ్లకు ఆవునెయ్యి పట్టించాలి. పరగడుపున క్యారెట్ జ్యూసు సరేసరి. ఇంత చేసినా పవరు తగ్గలేదంటే తప్పు మందుది కాదు, మీకు నమ్మకం చాల్లేదు.

ఒకటి గమనించండి. వీళ్లలో ఎవరూ "చూపు కాపాడుకోండి" అనరు, "జోడు తీసేయండి" అంటారు. గిరాకీ ఎక్కడుందో వాళ్లకు తెలుసు. మనకు పగ చూపు మసకబారడం మీద కాదు, ముక్కు మీద కూర్చున్న అద్దాల మీద. పెళ్లిచూపుల్లో "అమ్మాయికి సైటుందా?" అని గుచ్చి గుచ్చి అడిగే పెద్దలు, "అమ్మాయికి సరిగ్గా కనిపిస్తుందా?" అని అడిగిన పాపాన పోరు. ఫొటోకి అద్దాలు తీయిస్తారు, పీటల మీదా తీయిస్తారు. వరుడి మొహం మసగ్గా కనిపించినా ఫరవాలేదు. (కొన్ని సంబంధాల్లో అదీ మేలేనేమో.)

ఇంతకీ సైటంటే ఏమిటి? పెద్దవాళ్ల కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లుంటుంది. ఒక్క మిల్లీమీటరు ఎక్కువ సాగిందంటే మైనస్ రెండున్నర, మూడు పవరు వచ్చి కూర్చుంటుంది. అంటే మన బాదంపొడి కడుపులో అరిగి, నెత్తుట్లో కలిసి, కంటిదాకా ప్రయాణం చేసి, సాగిన గుడ్డును మళ్లీ మిల్లీమీటరు లోపలికి నెట్టాలి. పొడుగెదిగిన కొడుకుని పాలకూర పప్పు పెట్టి రెండంగుళాలు పొట్టి చేసిన తల్లి ఎవరైనా ఉంటే, ఆవిడ చెబితే నేనూ తింటాను.

కంటి కసరత్తులది ఇంకా పాత దుకాణం. విలియం బేట్స్ అనే న్యూయార్కు కంటి డాక్టరు 1920లో ఓ పుస్తకం రాసి, చూపు లోపాలన్నీ కళ్లను శ్రమపెట్టడం వల్లే వస్తాయి, అద్దాలే అనవసరం అన్నాడు. దగ్గరి వస్తువు చూడ్డంలో కంట్లో ఉన్న లెన్సుకు ప్రమేయం లేదని కూడా సెలవిచ్చాడు. అది తప్పని అప్పటికే తెలుసు. అయినా ఆల్డస్ హక్స్‌లీ అంతటి రచయిత 1942లో ఆ పద్ధతిని మెచ్చుకుంటూ ఏకంగా పుస్తకమే రాశాడు. అరచేతులతో కళ్లు కప్పుకునే ఆ బేట్స్ విద్య ఇవాళ మన పొద్దుటి టీవీ కార్యక్రమాల్లో ఋషుల ఖాతాలో జమైపోయింది. నీటికాసులున్నవాళ్లకు శీర్షాసనం వేయమని చెప్పే మహానుభావులు కూడా ఉన్నారు. ఆ జబ్బుకు కంటి లోపలి ఒత్తిడే శత్రువు. తలకిందులుగా నిలబడితే ఆ ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుంది.

"మరి తగ్గినవాళ్లున్నారు కదండీ, మా తాతగారే సాక్ష్యం" అంటారు. ఉన్నారు, కాదనను. డెబ్బయ్యేళ్ల తాతగారు ఉన్నట్టుండి అద్దాలు లేకుండా పేపరు చదివేస్తారు. ఇల్లంతా పండగ, క్యారెట్‌కు జేజేలు. నిజానికి జరిగింది శుక్లం మొదలవడం. లెన్సు నడిమి భాగం గట్టిపడి కంటి పవరు మైనస్‌ వైపు జరుగుతుంది, అందువల్ల దగ్గరిది కొన్నాళ్లు తేటగా కనిపిస్తుంది. పొర ముదిరాక అదీ పోతుంది. అప్పటికి తాతగారి వీడియో లక్షమంది చూసేసి ఉంటారు, ఆపరేషను వీడియో ఎవరూ పెట్టరు. నలభై అయిదేళ్ల పిన్నిగారికి చిన్నప్పటి నుంచీ మైనస్ రెండున్నర ఉంది. తోటివాళ్లందరికీ చత్వారం వచ్చి అద్దాలు తగిలించుకుంటుంటే ఆవిడ ఉన్నవి తీసి హాయిగా చదువుతుంది. అది ఆ మైనస్ పవరు చేసే ఉపకారం, సోంపుది కాదు. అద్దాలు తీసేసి నెల్లాళ్లు తిరిగిన కుర్రాడు చార్టు మీద ఒక వరుస ఎక్కువే చదువుతాడు. మెదడు మసకకు అలవాటుపడింది. కన్ను కొలిచి చూస్తే పవరు అంగుళం కదలదు.

అందరికన్నా జాలిపడాల్సింది షుగరు మనిషి గురించి. నెత్తుట్లో చక్కెర ఎగిరి పడుతున్నప్పుడు లెన్సు ఉబ్బి తగ్గి పవరు ఇటూ అటూ మారుతుంది. పోయిన వారం పనికొచ్చిన అద్దం ఈ వారం పనికిరాదు. ఆయనేమో చూపు మెరుగైందని మురిసి, పొడి డోసు పెంచుతాడు. పొడిలో మూడోవంతు పటికబెల్లమని మళ్లీ గుర్తు చేయనా? లోపల రెటీనా రక్తనాళాల్ని చక్కెర తినేస్తుంటే, పైనుంచి కళ్లకోసమని ఇంకాస్త చక్కెర!

క్యారెట్ కీర్తి వెనక ఓ యుద్ధముంది. రెండో ప్రపంచ యుద్ధంలో జాన్ కన్నింగ్‌హామ్ అనే బ్రిటిష్ పైలట్ కటిక చీకట్లో జర్మన్ విమానాల్ని కూల్చేవాడు. క్యారెట్లు తిని పిల్లి కళ్లు తెచ్చుకున్నాడని ప్రచారం చేశారు. అసలు సంగతి ఆ విమానంలో బిగించిన రాడార్. ఎనభయ్యేళ్లు దాటాయి. రాడార్‌ని అందరూ మరిచారు, క్యారెట్ మాత్రం మన ఫ్రిజ్‌లో ఉంది.

కంటికి తిండితో పనే లేదా అంటే, ఎందుకు లేదు. విటమిన్ ఎ చాలకపోతే రేచీకటి వస్తుంది, ముదిరితే నల్లగుడ్డు కరిగి పసిపిల్లలు గుడ్డివాళ్లవుతారు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన పని ఆధారంగానే 1970లో పిల్లలకు ఆర్నెల్లకోసారి విటమిన్ ఎ పట్టడం మొదలైంది. మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడిపండు, కాస్త నూనెచుక్క: ఆ లోటు తీరుతుంది. లోటు లేనివాడు ఇంకా తింటే చూపు పెరగదు, క్యారెట్ మితిమీరితే అరచేతులు పసుపెక్కుతాయి. ఇక కంటి విటమిన్ల సీసాల సంగతి. అమెరికాలో 2001లోనూ 2013లోనూ ఫలితాలొచ్చిన పెద్ద ప్రయోగాల్లో, రెటీనా నడిమి భాగమైన మాక్యులాకు వయసుతో వచ్చే జబ్బు మధ్య దశకు చేరినవాళ్లకు, అది ముదరకుండా ఆ విటమిన్లు కొంత సాయపడ్డాయి. శుక్లాన్ని ఆపలేదు. ఆ మందులో మొదట ఉన్న బీటా కెరొటిన్ పొగతాగేవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెంచుతోందని తర్వాత తీసేశారు. ఇన్ని షరతులున్న సరుకును ముప్పయ్యేళ్ల సాఫ్ట్‌వేరు కుర్రాడు సిగరెట్ తాగుతూ ఆన్‌లైన్లో ఆర్డరిస్తున్నాడు. ఆ సిగరెట్ ఒక్కటి మానితే శుక్లానికీ మాక్యులాకీ మేలు. కానీ మానడానికి డిస్కౌంట్ కూపన్ రాదు.

కంట్లో పోసుకునేవాళ్లకో మాట. తేనె, ఉల్లిరసం, ఏది పోసినా క్రిములు లేనిదని పూచీ ఎవరిది? 2021లో కరోనా మందు కోసం కృష్ణపట్నంలో జనం బారులు తీరినప్పుడు, ప్రభుత్వం నోటితో తీసుకునే మందులకు సరేనంది గానీ కంటి చుక్కల్ని ఆపింది. ఇంగ్లిషు మందులవాళ్లు తక్కువేం కాదు. 2024లో చత్వారానికి పైలోకార్పిన్ చుక్కలకు అనుమతి రాగానే, కళ్లజోళ్ల కాలం చెల్లిందన్నంత హోరు లేచింది. కంటిపాపను కొన్ని గంటలు చిన్నది చేసే పాత మందు అది. ప్రచారం శ్రుతి మించిందని కేంద్ర ఔషధ నియంత్రణాధికారే ఆ అనుమతిని సస్పెండ్ చేయాల్సి వచ్చింది. అసలు అంధత్వం, శుక్లం, నీటికాసులు నయం చేస్తామంటూ ప్రకటనలివ్వడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. చట్టానికి సైటుందో ఏమో, యూట్యూబు దూరం ఆనదు.

సైటు రాకుండా అడ్డుకోవడంలో పరీక్షకు నిలబడ్డ అలవాటు ఒకటుంది. తినేది కాదు, తాగేది కాదు, పగటి వెలుతుర్లో ఆరుబయట తిరగడం. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాలు అదనంగా బయట పీరియడు పెట్టారు. మూడేళ్లలో కొత్తగా సైటు వచ్చింది నూటికి 30 మందికి. పెట్టని బళ్లలో దాదాపు 40 మందికి. తైవాన్ 2010 నుంచీ పిల్లల్ని రోజుకు రెండు గంటలు బయటికి పంపే కార్యక్రమం నడుపుతోంది. వచ్చిన పవరును వెలుతురు తగ్గించదు, రావడాన్ని వాయిదా వేస్తుంది. పైసా ఖర్చు లేదు కాబట్టి అమ్మేవాడూ లేడు.

మన బళ్లు అపార్టుమెంట్లలో ఉన్నాయి. ఆటల పీరియడులో లెక్కలు చెబుతారు. హాస్టలు పిల్లలకు పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదింటి దాకా ట్యూబులైటే సూర్యుడు. ఆదివారం చూడ్డానికొచ్చిన అమ్మానాన్నలు బాదంపొడి డబ్బా చేతికిచ్చి, రోజూ తాగుతానని ఒట్టు వేయించుకుని పోతారు. ఏడాదికోసారి పవరు పెరిగితే ఆస్పత్రికి తీసుకెళ్తారు. డాక్టరు కార్డు మీద కొత్త నంబరు రాసి, "పిల్లాణ్ణి రోజూ రెండు గంటలు బయట ఆడుకోనివ్వండి" అంటాడు.

"నల్లబడిపోడూ?" అంటుంది తల్లి.

"ఐఐటీ ఫౌండేషను మిస్సవుతాడు కదండీ" అంటాడు తండ్రి. "బదులుగా ఏదన్నా సిరప్పు రాయండి డాక్టరుగారూ, రెండు పూటలా పట్టిస్తాం."