ఆత్మకూరు కాకి బంగారాన్ని

మా వైపు నన్ను కాకి బంగారం అంటారు, పుస్తకాల్లో అభ్రకం. గూడూరు నుంచి సంగం దాకా కొడవలిలా వంగిన నెల్లూరు అభ్రక పట్టీలో, ఆత్మకూరు వైపు, పలుగురాళ్ళ నడుమ పుట్టాను. వయసు నూరు కోట్ల ఏళ్ళకు పైమాటే. లేత ఆకుపచ్చ రంగు మా పట్టీ గుర్తు. గనిలోంచి పైకి తెచ్చాక ఆడవాళ్ళు కత్తిమొన దూర్చి పొర మీద పొర విడదీశారు. ఎంత చీల్చినా నునుపు తగ్గని జాతి మాది. 0.05 మిల్లీమీటరు మందం దగ్గర ఆపి, రెండు ముఖాల మీదా సెంటీమీటరు పొడవు, సెంటీమీటరు వెడల్పు వెండి పూత పూసి, తీగలు అతికించి, నన్ను కండెన్సర్‌ని చేశారు. 500 వోల్టులు పెట్టి పరీక్షించారు. నా మందానికి అది మిల్లీమీటరుకు 10 వేల వోల్టుల ఒత్తిడి. లక్ష దాటినా ఓర్చుకోగల రేకుని, చలించలేదు.

తర్వాత దుత్తలూరులో ఒక వాల్వు రేడియోలో కుదురుకున్నాను. కడప కేంద్రం 900 కిలోహెర్ట్జ్ మీద పలుకుతుంది. రోహిణీ కార్తె ఎండకు పెట్టె లోపల అన్నీ కాగిపోతున్నా నా కెపాసిటెన్స్ విలువ దాదాపు కదలదు, అందుకే స్టేషన్ జారిపోదు. ఆ పని నాకు ఎంతో ఇష్టంగా ఉండేది.

రేడియో మూలబడ్డాక మెకానిక్ పెద్దాయన నన్ను ఊడదీసి డబ్బాలో వేశాడు. ఇంజనీరింగు చదివే ఆయన మనవరాలు నన్ను ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాలనుకుంది.

"తాతా, ఇంత పల్చగా ఉంది, దీన్ని లెక్కలో వదిలేస్తే పోలా?"

"వదిలేస్తే కడప పలకదు మ్మే."

పెద్దాయన మాటే నిజం. ప్లేట్ల మధ్య విద్యుత్ క్షేత్రం దాదాపు అంతా నా మందంలోనే ఇరుక్కుని ఉంటుంది. ఆ అమ్మాయి మొదట 1966లో కేన్ యీ చూపిన దారి పట్టింది: చోటునంతా చిన్న గళ్ళుగా కోసి, గడిగడికీ మాక్స్‌వెల్ సమీకరణాలు నడపడం. నా మందంలో ఐదు గళ్ళు పట్టాలంటే ఒక్కో గడి 0.01 మిల్లీమీటరు ఉండాలి. అలా ఒక్క నాలోనే 50 లక్షల గళ్ళు తేలాయి. గడి చిన్నదైన కొద్దీ కాలాన్నీ చిన్న అడుగులుగా కోయాలి, లేకుంటే లెక్క పేలిపోతుంది. కడప తరంగం ఒక్కసారి ఊగడానికి దాదాపు 6 కోట్ల అడుగులు! పల్చనిదాన్ని చూడటం లావుదాన్ని చూడటం కంటే ఎంత కష్టమో అప్పుడు తెలిసొచ్చింది ఆ పిల్లకి.

రెండో దారి నాకు నచ్చింది. ఉస్మానియాలో చదివి అమెరికా వెళ్ళిన సదాశివ ఎం. రావు, విల్టన్, గ్లిసన్‌లతో కలిసి 1982లో ప్రచురించిన పద్ధతి అది. లోహపు పూతకు మందమే లేదనుకుని, ఉపరితలాన్ని త్రిభుజాలుగా కోస్తారు. పక్కపక్క త్రిభుజాలు రెండింటికి ఉమ్మడి అంచు ఒకటుంటుంది. ఒకదాంట్లోంచి ఎంత కరెంటు ఆ అంచు దాటితే అంతా రెండోదాంట్లోకి వెళ్తుంది, గీత మీద ఛార్జి పోగుపడదు. ఇంత చిన్న నియమం మీద విమానాల, యాంటెన్నాల లెక్కలు నిలబడ్డాయి. మధ్యలో నేనున్నానన్న సంగతిని పొరల కోసం ముందే కట్టిన సూత్రంలో కలుపుతారు. అర మిల్లీమీటరు భుజాలతో కోస్తే నా రెండు వెండి ముఖాలకూ కలిపి 1600 త్రిభుజాలు చాలు.

తరంగం మరీ పొడవైతే ఈ పద్ధతీ తడబడుతుంది. కడప తరంగం 333 మీటర్లు, నేనేమో సెంటీమీటరు. అందుకని ఆ అమ్మాయి కరెంటును సుడి తిరిగే భాగం, తిరగని భాగం అని విడదీసి మళ్ళీ లెక్క కట్టింది. పుస్తకం సూత్రం ప్రకారం నా విలువ 106 పికోఫారడ్లు రావాలి. ల్యాప్‌టాప్ ఇంకాస్త ఎక్కువ చూపింది. తప్పేమో అని తాతకు చూపించింది. ఆయన వెండి పూత అంచు మీద గోరు పెట్టాడు: "పూత ఇక్కడ ఆగింది, క్షేత్రం ఆగదు గదా."

ఆమె ఆ అంచు వెంట త్రిభుజాలను ఇంకా సన్నగా కోసింది. ఛార్జి అక్కడే చిక్కబడి ఉంది.