ఎకో ప్లేనార్ ఇమేజింగ్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఎకో ప్లేనార్ ఇమేజింగ్ గారి సముఖమునకు, ఎమ్మారై గదిలో రోజూ మీతో వేగే టెక్నాలజిస్టు నమస్కరించి వ్రాయునది.

ముందు మీ మేలు చెప్పుకుంటాను. నీటి అణువుల కదలికను గ్రేడియంట్ పల్సులతో కొలిచే పద్ధతిని స్టెజ్‌స్కల్, టానర్ 1965లోనే చూపించారు. కానీ మైక్రాన్ల లెక్కన సాగే ఆ కొలతలో రోగి గుటక వేసినా, గుండె కొట్టుకుని మెదడు అదిరినా అంతా పాడవుతుంది. 1977లో పీటర్ మాన్స్‌ఫీల్డ్ ప్రతిపాదించిన మీరు స్లైసు మొత్తాన్ని సెకనులో పదో వంతులో పట్టేస్తారు. పక్షవాతంతో వచ్చిన మనిషికి మెదడులో ఏ భాగం దెబ్బతింటోందో నాలుగు నిమిషాల్లోపే చూడగలుగుతున్నామంటే అది మీ చలవే. ఆ రుణం నేను మరచిపోను.

మరి అంత ఉపకారం చేసినవారు ఆకారం దగ్గరకొచ్చేసరికి ఎందుకండీ ఇలా చేస్తారు? సైనస్‌ల పైన, చెవి ఎముకల పక్కన, గాలీ కణజాలమూ కలిసేచోట మీరు తీసిన మెదడు స్టీలు చెంబు మీద కనబడే మొహంలా సాగిపోతుంది. లెక్క నాకు తెలుసు. ఎకో స్పేసింగ్ అర మిల్లీసెకను, గీతలు 128 అయితే మీరు సిగ్నల్ చదవడం 64 మిల్లీసెకన్లు సాగుతుంది. అంటే ఫేజ్ దిశలో ఒక్కో పిక్సెల్‌కు దక్కేది 16 హెర్ట్జ్ లోపే. గాలి పక్కన అయస్కాంత క్షేత్రం 80 హెర్ట్జ్ తేడా చూపిస్తే బొమ్మ 5 పిక్సెళ్ళు జరిగిపోతుంది. పిక్సెల్ 2 మిల్లీమీటర్లయితే అది ఒక సెంటీమీటరు! బ్రెయిన్‌స్టెమ్‌లో చిన్న స్ట్రోకు ఉందో లేదో తేల్చాల్సిన డాక్టరుకు సెంటీమీటరు తప్పు చూపించడం న్యాయమేనా? ప్రోస్టేట్ స్కానులోనూ మీది ఇదే వరస. మలాశయంలో కాస్త గాలి ఉంటే చాలు, దాన్ని ఆనుకుని ఉన్న భాగమే, గడ్డలు ఎక్కువగా పుట్టే భాగమే, ముద్దయిపోతుంది. అందుకే స్కానుకు ముందు ఒకసారి బాత్రూముకు వెళ్ళి రమ్మని ప్రతి పెద్దాయనకీ చెబుతాను. సిగ్గుపడినా సరే, చెప్పి తీరతాను.

కొవ్వు సంగతీ అంతే. కొవ్వు సిగ్నల్‌ను అణిచే ఫ్యాట్ శాట్ సరిగ్గా పడకపోతే నెత్తి చర్మంలోని కొవ్వు మెదడు మధ్యకు వచ్చి కూర్చుంటుంది.

వంకర బొమ్మ కంటికి కనబడుతుంది కాబట్టి దాన్ని పట్టుకోగలం. నన్ను నిజంగా బాధపెట్టేది మీ అంకెలు. బి వేల్యూ, అంటే నీటి కదలిక పట్ల స్కాను సున్నితత్వం, పెంచితే కదలిక తేడా బాగా తెలుస్తుంది, నిజమే. కానీ దానికోసం గ్రేడియంట్లు ఎక్కువసేపు ఉండాలి, టీఈ (ఎకో వచ్చేదాకా ఆగే సమయం) పొడవవుతుంది, సిగ్నల్ పడిపోతుంది. ఏడీసీ, అంటే నీరు ఎంత సులువుగా కదులుతోందో చెప్పే అంకె, 2.0 ఉన్న కణజాలాన్ని బి 2000తో చూస్తే మిగిలే సిగ్నల్ 100లో 2 పాళ్ళు కూడా ఉండదు. అక్కడ మీరు చూపించేది కణజాలం కాదు, నాయిజు. సిగ్నల్ పరిమాణాన్ని మాత్రమే చూపే మ్యాగ్నిట్యూడ్ బొమ్మలో నాయిజు సున్నాకు దిగదు కాబట్టి ఏడీసీ ఉన్నదానికంటే తక్కువగా వస్తుంది. తక్కువ ఏడీసీ అంటే డాక్టరు దృష్టిలో కణాలు కిక్కిరిసిన గడ్డ కావచ్చు. మ్యాగ్నిట్యూడ్ తీశాక ఎన్ని యావరేజీలు కలిపినా ఆ తప్పు పోదు. ఒక కుటుంబం నిద్ర ఆ అంకె మీద ఆధారపడి ఉంటుందండీ.

అందుకని మీతో బేరానికి వస్తున్నాను. మెదడుకు బి 1000 చాలు. అక్కడ ఏడీసీ 0.8 దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి సిగ్నల్ సగానికి కాస్త తక్కువ మిగులుతుంది, కొలత నిలబడుతుంది. ప్రోస్టేట్‌లో గడ్డను కళ్ళతో వెతకడానికి 1400, ఆపైన వాడతాను గానీ, ఏడీసీ లెక్క మాత్రం 1000కి మించిన బొమ్మతో కట్టను. పారలల్ ఇమేజింగ్ 2 పెట్టి సగం గీతలే చదివిస్తాను, మీ వంకర సగమవుతుంది. పార్షియల్ ఫూరియర్‌తో టీఈ కుదిస్తాను. బి సున్నా బొమ్మను ఫేజ్ దిశ తిప్పి ఇంకోసారి తీస్తాను. ఒకటి ముందుకు సాగి, ఇంకొకటి వెనక్కి సాగితే అసలు చోటు ఎక్కడో కంప్యూటరు లెక్కగట్టగలదు. దానికి నిమిషం కూడా పట్టదు. బయట క్యూ ఉందని, తొందరగా కానిమ్మని ముందు కోసేసేది కూడా ఆ నిమిషాన్నే.

ఇంకో షరతు. అప్పుడప్పుడు మంచు నింపిన పాత్రలో నీటి గొట్టాలు పెట్టి మీ ముందు ఉంచుతాను. గొట్టాల చుట్టూ మంచు గలగల ఆగి, అంతా సున్నా డిగ్రీల దగ్గర స్థిరపడే దాకా ఆగుతాను. అప్పుడు మీరు ఏడీసీ 1.1 చెప్పాలి. 1.0 అన్నా, 1.2 అన్నా ఇంజనీరుకు ఫోన్ చేస్తాను. ఆ అంకె సరిచేయించేవరకు మీరిచ్చే ఏడీసీ ఏదీ రిపోర్టులోకి వెళ్ళనివ్వను.

రేపు ఉదయం మొదటి స్కాను నుంచే ఈ సెట్టింగులు అమల్లో ఉంటాయి. ఆ తిప్పి తీసే నిమిషాన్ని ఎవరడిగినా వదలను.

ఇట్లు,
తమ దగ్గర రోజూ పనిచేసే
ఒక ఎమ్మారై టెక్నాలజిస్టు