వెనకాల

పులిహోరలో వేరుశనగపప్పులు నాకు నచ్చవు. చింతపండు పులుపు, ఆవపిండి ఘాటు, ఎండుమిర్చి, ఇంగువ. అంతవరకే ఉండాలి. కాఫీలో చక్కెర వద్దు. చొక్కా తెల్లదైనా నీలందైనా సాదాగా ఉండాలి, గళ్ళూ చారలూ పనికిరావు. బల్ల మీద ఒక పెన్ను, ఒక పుస్తకం, అంతే. “మీకు ఏదో ఒకటి తీసేస్తేగానీ రుచి తెలియదు” అంటుంది మా ఆవిడ. నిజమే.

కెమెరా దగ్గరా నా రుచి అదే. 2012లో పాత నికాన్ డి90 ఒకటి చేతులు మారి నా దగ్గరికి వచ్చింది. దానికి 50 ఎంఎం 1.8 లెన్సు పెట్టుకున్నాను. అరచేతిలో ఇమిడిపోయేది, నూట యాభై గ్రాముల పైచిలుకు బరువు. జూమ్ కావాలని ఎన్నడూ అనిపించలేదు. మనిషి దగ్గరగా కావాలంటే నాలుగడుగులు ముందుకేస్తే సరి. ఫ్లాష్ ముట్టుకోను. వైడ్ లెన్సు కొననే లేదు, మనం వద్దనుకున్నవన్నీ అది ఫొటోలోకి లాక్కొస్తుంది. వీడియో తీయగలిగిన మొట్టమొదటి డీఎస్ఎల్ఆర్ ఆ డి90యే, కానీ ఆ పని దానిచేత నేను ఒక్కసారీ చేయించలేదు. మూడేళ్ళు దాచిన డబ్బుతో డి750, దాని మీదికి 85 ఎంఎం 1.4 కొన్నాను.

ఆ లెన్సు గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. ఎపర్చర్‌ని 1.4 దగ్గర పూర్తిగా తెరిచి, రెండు మీటర్ల దూరంలో కూర్చున్న మనిషిని తీస్తే, స్పష్టంగా పడే లోతు నాలుగున్నర సెంటీమీటర్లు. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. చెవి దగ్గరికి వచ్చేసరికే మంచు పట్టినట్టుంటుంది. ఆ వెనకున్నదంతా పెనం మీద వెన్నలా కరిగిపోతుంది. ఆకుల సందున మెరిసే ఎండ చుక్కలు గుండ్రటి కాసులవుతాయి. ఈ కరుగుదలకి జపాన్ వాళ్ళు పెట్టుకున్న మాట ‘బొకే’. 1997లో మైక్ జాన్‌స్టన్ అనే సంపాదకుడు అమెరికాలో తన ఫొటోగ్రఫీ పత్రికలో దీని మీద వ్యాసాలు వేసి ఆ మాటని దేశాలు దాటించాడు. ఏ లెన్సు ఎంత మెత్తగా కరిగిస్తుందో పోల్చి చూసుకుంటూ నేను తెల్లవార్లూ కూర్చున్న రాత్రులున్నాయి.

రాజమండ్రిలో నలభై ఏళ్ళు స్టూడియో నడిపిన ఒక పెద్దాయనకి నా ఫొటోలు చూపించాను. ఒక్కొక్కటీ దగ్గర పెట్టుకుని చూశాడు. “చెయ్యి బాగుందయ్యా. కానీ ఎప్పుడైనా ఎపర్చర్ ఎనిమిదిలోనో పదకొండులోనో కూడా పెట్టు. పెళ్ళి గ్రూపు తీస్తే ఆఖరి వరుసలోవాడి మీసం కూడా పడాలని మా గురువుగారు చెప్పేవారు. పదేళ్ళయ్యాక ఆ మీసం కోసమే ఎవరో ఒకరు మళ్ళీ మెట్లెక్కి వస్తారు” అన్నాడు. పెళ్ళిళ్ళు తీసేవాళ్ళ అవసరం అది అనుకుని వచ్చేశాను.

మా మేనత్తది దేవీపట్నం మండలంలో గోదావరి ఒడ్డు ఊరు. పెంకుటిల్లు, వీధి వైపు అరుగు, ముంగిట్లో చింతచెట్టు. దొడ్డి దాటితే రేవు, రేవుకి అవతల పూటకో రంగు తిరిగే కొండలు. 1981లో పోలవరం ప్రాజెక్టుకి శంకుస్థాపన జరిగినప్పటి నుంచీ ఊరు మునుగుతుందంటూనే ఉన్నారు. ఏళ్ళ తరబడి విన్న మాట గనక ఎవరి చెవికీ ఎక్కేది కాదు. సర్వే వాళ్ళు వచ్చి గుమ్మం పక్కన ఎర్రరంగుతో అంకెలు వేసిపోతే, అత్తయ్య ఆ అంకెల మీదే క్యాలెండర్ తగిలించింది.

2015 నుంచి ఏటా సంక్రాంతికి కెమెరాతో అక్కడే ఉండేవాణ్ణి. పొద్దున్నే అరుగు మీద కూర్చుని ఆవిడ చేటలో బియ్యం చెరుగుతుంటే, ఏటవాలు ఎండలో ఊక ఎగిరి బంగారు పొడిలా తేలేది. ముక్కుపుడక మీద ఒక్క మెరుపు. ఆ మెరుపు మీద ఫోకస్ పెట్టి తీసిన ఫొటో నా మొత్తం ఫొటోల్లో నాకిష్టమైంది. ఇప్పటికీ అంతే.

తీసింది చూపిస్తే అత్తయ్య కొంగుతో కళ్ళు తుడుచుకుని మరీ చూసింది.

“బాగుందిరా నాయనా. ఇల్లు పడలేదేం?”

“ఇల్లు పడితే నువ్వు కనబడవత్తయ్యా. అందరూ ఇల్లే చూస్తారు.”

“అంతేనంటావా” అని మళ్ళీ చేట అందుకుంది.

2019 సంక్రాంతికి ఆవిడ చిన్న మనవడు, పన్నెండేళ్ళవాడు, వాళ్ళ నాన్న కొత్త ఫోను పట్టుకుని నా వెనకాలే తిరిగాడు. నాకున్న ఇష్టం వాడి కళ్ళలో చూసి మురిసిపోయాను. సాయంత్రం అరుగు మీద పక్కన కూర్చోబెట్టుకుని వాడు తీసినవి ఒక్కొక్కటే చూశాను. వీధిలో నిలబడి ఒకటి తీశాడు. ఒక పక్కకి ఒరిగిపోయింది. అత్తయ్య ఓ మూల బొటనవేలంత ఉంది. మిగతాదంతా ఇల్లు. దండెం మీద తువ్వాళ్ళు, గుమ్మం పక్కన క్యాలెండర్, కరెంటు మీటరు, గడప పసుపు, చూరుకి వేలాడే వరికంకుల కుచ్చు, సగం ఆవు, చింతచెట్టు, చెట్టు సందులోంచి రేవు, రేవు మీద పడవ. ఫోను లోపలి సెన్సరు కందిగింజ కంటే కాస్త పెద్దది, అంతే. అంత చిన్నదానికి కాలి దగ్గరి రాయీ కొండ మీది చెట్టూ ఒకే స్పష్టతతో పడతాయి.

“చూడు, ఇందులో ఎవర్ని చూడాలో తెలుస్తోందా? వెనకాల అంతా చెత్త. బాగాలేనిది ఉంచుకోకూడదు. ఉంచుకుంటే చెయ్యి కుదరదు” అని చెప్పి దాన్ని నేనే చెరిపేశాను. ఆ ఫోనులో పోర్ట్రెయిట్ మోడ్ ఉంది. మనిషి అంచులు తనే వెతుక్కుని, మిగతాదాన్ని లెక్కలు కట్టి మసక చేసేస్తుంది. అది ఎక్కడుందో చూపించాను. వాడు మొదట నానమ్మని తీశాడు, తర్వాత దూడని. “అబ్బ!” అన్నాడు. నాకూ చాలా సంతోషమేసింది.

ఆ ఏడు ఆగస్టులో నీళ్ళు అరుగు దాకా వచ్చి వెళ్ళాయి. తర్వాతి ఏడాది గదుల్లోకి వచ్చాయి. 2021 వానాకాలానికి గోదావరిని ప్రాజెక్టు స్పిల్‌వే వైపు మళ్ళించారు, వెనక్కి ఎదిగిన నీళ్ళు ఇక దిగిపోలేదు. అత్తయ్యవాళ్ళు అంతకు ముందే పునరావాస కాలనీకి చేరారు. అన్ని ఇళ్ళూ ఒకటే కొలత, ఒకటే రంగు. మొదట్లో ఆవిడ రెండుసార్లు పక్కవాళ్ళింట్లోకి వెళ్ళిపోయిందట.

ఈ మధ్య పెద్ద మనవడికి పెళ్ళయింది. కాపురానికొచ్చిన పిల్లది కాకినాడ. “మీ ఊరు ఎలా ఉండేది నానమ్మగారూ?” అని అడిగింది. అత్తయ్య మొహం వెలిగిపోయింది. “మా అబ్బాయి ఏటా వచ్చి తీశాడు, వేలల్లో తీశాడు. చూపించరా నాయనా” అంది.

లాప్‌టాప్ తెరిచాను. ఆ సంక్రాంతులన్నీ వరుసగా ఉన్నాయి. అత్తయ్య కళ్ళు, ముక్కుపుడక, అరిసెల నూనె మెరిసే వేళ్ళు, మావయ్య చుట్ట కొసన నిప్పు. ఒక్కో ఫొటో పక్కనా తారీకు, టైము, షట్టరు సెకనులో ఐదువందలో వంతు, ఎపర్చర్ 1.4, అన్నీ పొల్లుపోకుండా నమోదై ఉన్నాయి. వెనకాల పచ్చటి పూత, గోధుమరంగు పూత, నీలం పూత.

అత్తయ్య గోధుమరంగు మీద వేలు పెట్టింది. “ఇది గుమ్మమా?”

“అయ్యుండొచ్చు.”

“చెట్టు మొదలేమో?”

ఎంతసేపు చూసినా నేను చెప్పలేకపోయాను. కొత్తకోడలు మర్యాదకి “చాలా బాగున్నాయండీ” అంది. అత్తయ్య వేలు తెర మీదే ఉంది, దేన్నో తడుముతున్నట్టు.

ఇంతలో ఆవిడకి గుర్తొచ్చింది. “మన చిన్నోడి దగ్గర ఉంటాయిరా! మేం లేచొచ్చేదాకా రోజూ తీసేవాడు. ఇంటి చుట్టూ తిరిగి తిరిగి తీశాడు. ఆఖరి రోజు పొద్దున కూడా తీశాడు. ఒరే, ఇలా రారా!”

వాడు ఇప్పుడు నాకంటే పొడుగు. పాత ఫోనులోవన్నీ జాగ్రత్తగా కొత్తదాంట్లోకి ఎక్కించుకున్నాడు. నా పక్కన, ఆ రోజు అరుగు మీద కూర్చున్నట్టే, భుజం ఆనించి కూర్చుని చూపించడం మొదలుపెట్టాడు. అరుగు మీద నానమ్మ. చెట్టు కింద నానమ్మ. గుమ్మంలో తాళం వేస్తూ నానమ్మ, చెంప మీద తడి కూడా తెలుస్తోంది. నిజంగా చెయ్యి కుదిరింది వాడికి. ఒక్కొక్కటీ జరుపుతూ, నా మొహంలోకి చూస్తూ అన్నాడు:

“నువ్వు చెప్పినట్టే తీశాను మామయ్యా. ఒక్కదాంట్లో కూడా వెనకాల చెత్త లేదు.”