లోపల వదిలిన గుడ్డ

నేను కాలితో తొక్కే కుట్టుమిషన్ని. విజయవాడ సత్యనారాయణపురంలో ఒక ఇంటి ముందుగదిలో, కిటికీ వారగా ఉంటాను. నన్ను తొక్కే అక్కకు పెళ్ళిలో పుట్టింటివాళ్ళు ఇచ్చిన సామానులో నేనూ ఒకదాన్ని. పెళ్ళి జాకెట్లు, బడిపిల్లల యూనిఫారాలు, చీరల ఫాల్స్... నా సూది కిందికి రాని బట్ట లేదు. కానీ నా మనసు ఎక్కువగా నిలిచేది బాలింతలు తెచ్చే బట్టల మీదే.

2017లో ప్రసూతి సెలవుల చట్టాన్ని సవరించి, మొదటి ఇద్దరు పిల్లలకు 12 వారాల సెలవును 26 వారాలు చేశాక, ఉద్యోగాలు చేసే ఆడపిల్లలు మా ఇంటికొచ్చే అదను మారింది. మునుపు మూడో నెలలోనే హడావిడిగా వచ్చేవాళ్ళు. ఇప్పుడు బిడ్డకు అయిదో నెల దాటాక వస్తున్నారు. ఆ సెలవు చేతికందని చిన్న బడుల టీచర్లు మాత్రం ఇప్పటికీ ముందే వస్తారు. ఎవరు ఎప్పుడొచ్చినా చేతిలో ఒక కవరు, అందులో హుక్కులు పట్టని జాకెట్లు. గడపలోనే మొదటి మాట: "లావైపోయానక్కా."

అక్క ఆ మాటకు జవాబు చెప్పదు. కవరులోంచి ఒక జాకెట్టు తీసి, లోపలివైపు తిరగేసి, వెలుతురులో పెట్టి చూస్తుంది.

ఆమె చూసేది పక్కకుట్లు. మన టైలర్లు జాకెట్టు పక్కన ఒకే కుట్టుతో సరిపెట్టరు. ఒంటికి ఆనే కుట్టు ఒకటి, దానికి పావంగుళం ఎడంగా మరొకటి, దానికవతల ఇంకొకటి వేసి, చివర అంగుళమో అంగుళమున్నరో గుడ్డ వదిలేస్తారు. లోపలి కుట్టు విప్పితే ముందుముక్కకు పావంగుళం, వెనకముక్కకు పావంగుళం వదులు వస్తుంది. రెండు పక్కలా కలిపితే చుట్టుకొలత ఒక అంగుళం పెరుగుతుంది. రెండో కుట్టు కూడా విప్పితే రెండంగుళాలు. విప్పడమూ కష్టం కాదు. నా కుట్టులో పైదారం, బాబిన్ దారం గుడ్డ మధ్యలో పెనవేసుకుని ఉంటాయి. అక్కడక్కడ బ్లేడు మొనతో పైదారం తెంపితే కిందిదారం పొడుగునా లాగేయొచ్చు, గుడ్డకు గీటు పడదు. ఆడమనిషి ఒళ్ళు ఒక్కతీరుగా ఉండదని, పెళ్ళి కాకముందు ఒకలా, బిడ్డ పుట్టాక ఒకలా ఉంటుందని తెలిసినవాళ్ళు పెట్టిన పద్ధతి ఇది. ఇంత దయగల పని ఇంకే బట్టలోనూ నేను చూడలేదు.

రెడీమేడు కుర్తీల్లో ఆ గుడ్డ ఉండదు. ఓవర్‌లాక్ మిషనుకు కత్తి ఉంటుంది. అది అంచు వెంబడే మిగులు గుడ్డను కోసేస్తూ పోతుంది. అవి తెచ్చి "కొంచెం లూజు చేయక్కా" అంటే అక్క చేతులు ఆగిపోతాయి. విప్పడానికి ఏముందని? అందుకే కొనేముందే పక్క తిరగేసి చూడమని అక్క ప్రతివాళ్ళకూ చెబుతుంది.

మొన్నీమధ్య ఒకమ్మాయి వచ్చింది. మొదటి కాన్పు, ఆపరేషను. ఎల్లుండి ఆఫీసులో చేరాలి. బట్టల కోసం ఆమె పక్కన పెట్టుకున్నది రెండు వేలు. పెద్ద షాపులో రెండు సైజులు పెద్దవి నాలుగు కుర్తీలు కొనేద్దామనుకుంటున్నానంది. అక్క ఆమెను నిలబెట్టి, వెనక నుంచి భుజాల మీద టేపు పెట్టింది. "చూడమ్మా, నీ భుజం మారలేదు. ఛాతీ, నడుము మారాయి. సైజు పెంచి కొంటే ఛాతీకి సరిపోతుంది కానీ భుజం కిందికి జారుతుంది, మెడ తెరుచుకుంటుంది. ఉన్నదానికంటే లావుగా కనపడతావు. గుడ్డ తెచ్చుకో, భుజం దగ్గర అమరేలా నేను కుడతా."

తర్వాత అక్క అడిగిన ప్రశ్న నాకు చాలా ఇష్టం: "పాపకు పాలిచ్చి ఎంతసేపైంది?" అప్పుడే ఇచ్చి వచ్చానంది ఆ అమ్మాయి. అయితే కొలత ఇప్పుడొద్దు, పాలు నిండాక తీసుకుందామని కూర్చోబెట్టింది. పాలిచ్చిన వెంటనే తీసిన కొలతతో కుట్టిన జాకెట్టు రెండు గంటలయ్యేసరికి బిగిసిపోతుంది. బిగుతు బట్ట వల్ల పాలు గడ్డకట్టే ఇబ్బంది కూడా రావచ్చు. అందుకే బాలింతకు ఆది జాకెట్టు పనికిరాదు. ఏ నెలకు ఆ నెల కొత్తగా కొలవాల్సిందే.

డబ్బు లెక్క కూడా అక్కే వేసింది. ముందు నాలుగు వందలు పెట్టి, పాలిచ్చే తల్లులకు తగిన మంచి బ్రా ఒకటి కొనమంది. పాత సైజువి వేసుకుని పైన ఎంత మంచి బట్ట కట్టినా అమరదు. తర్వాత వస్త్రలత బట్టల బజారులో రేయాన్ తాను నుంచి అయిదు మీటర్లు, రెండు కుర్తీలకు. మీటరు 120 చొప్పున ఆరు వందలు. రెండింటి కుట్టుకూలి ఏడు వందలు, నాలుగు పాత జాకెట్లు వదులు చేయడానికి రెండు వందలు. ఇంకా వంద మిగిలింది.

రేయాన్ ఎందుకంటే అది ఒంటి మీద జారుతుంది, ఉబ్బదు. గంజి పెట్టిన నూలు చీర పొట్ట దగ్గర నిలబడి లేని లావు చూపిస్తుంది. రేయాన్‌కు ఒక గుణముంది, మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. అందుకే అక్క దాన్ని రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేసిగాని కత్తెర పెట్టలేదు. రంగు ముదురు నీలం, మీద చిన్న చిన్న పూలు. లేతరంగు సాదా గుడ్డ మీద పాలచుక్క పడితే ఆఫీసులో నలుగురి కళ్ళూ అక్కడే పడతాయి. చిన్న పూల మీద కనపడదు.

భుజం నుంచి కిందికి రెండు నిలువు కుట్లు వేయించింది నా చేత. ప్రిన్సెస్ కట్ అంటారు. ఆ నిలువు గీతలు మనిషిని సన్నగా, పొడుగ్గా చూపిస్తాయి. ఆ కుట్లలోనే, ఛాతీకి రెండువైపులా, పైకి కనపడకుండా జిప్పులు బిగించాం. పాప ఏడిస్తే కుర్తీ పైకెత్తాల్సిన పని లేదు. ఛాతీ కింద కొద్దిపాటి కుచ్చులు పెట్టి, అక్కడి నుంచి వదులుగా కిందికి దింపాం. పక్కన చీలిక తుంటి దాటాకే మొదలు. చీలిక పైకి ఉంటే గాలికి పొట్ట భాగం విచ్చుకుంటుంది.

లంగా మాట కూడా చెప్పాలి. ఆపరేషను కుట్టు మీద సన్నని బొందు బిగిస్తే ఎంత నొప్పో ఆ అమ్మాయి ముఖంలో చూశాను. అక్క ఆమె పాత లంగాకే నాలుగంగుళాల వెడల్పు పట్టీ అతికించి, ముడి పక్కకు వచ్చేలా చేసింది. బరువు ఒకచోట కోసుకుపోకుండా నడుమంతా పరుచుకుంటుంది. చీర కూడా చదునుగా కూర్చుంటుంది.

కుర్తీ వేసుకుని అద్దం ముందు నిలబడి ఆ అమ్మాయి పొట్ట లోపలికి లాక్కుంది. అక్క కోప్పడింది. "గర్భసంచి మామూలు పరిమాణానికి రావడానికే ఆరు వారాలు పడుతుందట. సాగిన కండరాలకు నెలలు పట్టవా? ఊపిరి వదిలి నిలబడు, అప్పుడు చూద్దాం ఎలా ఉందో." వదిలి నిలబడింది. బాగుంది. నిజంగానే బాగుంది.

వారం తిరక్కుండా ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. పాప అన్నప్రాశన, పెళ్ళిపట్టుచీర కట్టుకోవాలని ఆశ. జాకెట్టు పట్టలేదు. ఆ జాకెట్టు ఎవరు కుట్టారో గాని లోపల గుడ్డ పిసరంతైనా వదల్లేదు. వదిలి ఉన్నా, పట్టులో పాతకుట్టు విప్పితే సూది బెజ్జాలు వరసగా బయటపడతాయి. దాన్ని కదపొద్దంది అక్క. మిగిలిన ఆ వందలో పెడన కలంకారీ ఒక మీటరు తెమ్మంది. మెరూన్ మీద సన్నని తీగలు, మెత్తని నూలు. ముందు హుక్కులు, మోచేతి దాకా చేతులు, వెనక మెడ కాస్త లోతు. పట్టుచీర జరీ అంచుకు ఆ మెరూన్ ఇంత నప్పుతుందని నేనూ అనుకోలేదు.

ముక్కలన్నీ కలిపేశాను. చేతులు ఎక్కించాను. హుక్కులు, కాజాలు చేతిపని, అవి అక్క రాత్రికి కుట్టుకుంటుంది. పొద్దున్నే ఆ అమ్మాయి తమ్ముడు వచ్చి పట్టుకెళ్తాడు.