కిలిమంజారో వెళ్లండి, శిఖరం ఎక్కకండి

మొదటి సలహా: శిఖరం మాట మరిచిపోండి. టాంజానియా దాకా వెళ్లి, అంత డబ్బు పోసి, 5,895 మీటర్ల ఉహురు శిఖరం మీద ఫొటో దిగకుండా రమ్మంటారా అని కోప్పడతారని తెలుసు. రమ్మనే అంటున్నాను. శిఖరానికి బయల్దేరదీసేది అర్ధరాత్రి. తలకు కట్టుకున్న లైటు వెలుగులో కనిపించేది ముందు నడిచేవాళ్ల మడమలే. పైకి చేరేసరికి ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్ర మట్టం దగ్గర అందేదానిలో సగం. ఆ ఒక్క రాత్రి కోసం కింద ఉన్న అడవినీ, పొదల నేలనూ, రాళ్ల ఎడారినీ పరుగున దాటేయడం నాకు మింగుడుపడదు.

అందుకే ఐదు రోజుల్లో ఎక్కించేస్తామనేవాళ్లకు దణ్ణం పెట్టేసి ఎనిమిది రోజుల లెమోషో దారి పట్టండి. పడమటి అడవిలో మొదలై షిరా పీఠభూమి మీదుగా వెళ్తుంది. షిరా, మావెన్జీ, కీబో అనే మూడు అగ్నిపర్వతాలు కలిస్తే కిలిమంజారో. షిరా ఏనాడో కూలి చదునైంది. దాని మీద నడుస్తూ ఎదురుగా నిలిచి ఉన్న కీబోను చూడొచ్చు.

అడవిలో వాన పడితే తిట్టుకోకండి. కొండ మీద కురిసే నీళ్లలో ఎక్కువ పాలు ఆ అడవికే.

జట్టులో అందరికన్నా నెమ్మదైన మనిషిని ముందు నడవనివ్వండి. రోజూ జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లకు ఇది చిన్నతనంగా ఉంటుంది. ఉండనివ్వండి. పలచని గాలికి అలవాటు పడడానికి ఒంటికి కావలసింది సమయం, కండలు ఆ పని చేయలేవు.

లావా టవర్ దగ్గర 4,600 మీటర్లు ఎక్కాక మళ్లీ దిగి, నాలుగు వేలకు కాస్త తక్కువలో ఉన్న బరాంకోలో పడుకోండి. కష్టపడి ఎక్కిందంతా పోయిందని బాధపడొద్దు. పైన అలవాటు పడిన ఒళ్లు కింద నిద్రలో తేరుకుంటుంది.

బరాంకో లోయలోనే నా అసలు స్వార్థం ఉంది. మనిషికి రెండింతలు ఎదిగిన సెనీసియో చెట్లు అక్కడ గుంపులుగా ఉంటాయి. చామంతి కుటుంబమంటే నమ్మబుద్ధి కాదు. ఎండిన ఆకులు రాలిపోవు, మొద్దు చుట్టూ కంబళిలా అంటిపెట్టుకుని లోపలి నీరు గడ్డకట్టకుండా కాస్తాయి. పక్కనే లొబీలియా. దాని ఆకుల మధ్య నీళ్లు నిలుస్తాయి. పొద్దుగూకితే ఆకులు ముడుచుకుంటాయి. తెల్లవారి చూస్తే నీటి పైన పలచటి మంచు పొర, అడుగున మొగ్గ క్షేమంగా. డేరాలు విప్పేలోగా దాని దగ్గర మోకాళ్ల మీద కూర్చోండి. ఆలస్యమవుతోందని జట్టు విసుక్కున్నా లేవకండి.

మూట తేలిగ్గా కట్టండి. కూలీ మోసే బరువు 20 కిలోలు దాటకూడదన్నది అక్కడి నియమం. మీ మూడో జత బూట్లు కూడా ఒకరి తల మీదే ఎక్కుతాయి.

ఇక శిఖరానికి బయల్దేరే ఆ రాత్రి సంగతి. జట్టు శిఖరం కింది ఆఖరి మజిలీ బరాఫు డేరాలకు కదులుతుంటే మీరు దానికి ముందు మజిలీ కరంగలో ఆగిపోండి. పైన దక్షిణపు మంచు పలకలు అక్కడి నుంచే కనిపిస్తాయి. 1912లో ఉన్న మంచులో 80 శాతానికి పైగా కరిగిపోయింది కనుక, మిగిలినదాన్ని పట్టపగలు, తలనొప్పి లేకుండా చూడటమే మేలు. ఈ సంగతి బుకింగ్ అప్పుడే చెప్పండి. మీతో ఆగడానికి ఒక సహాయ గైడు కావాలి, ఆయన కూలి విడిగా లెక్కకట్టి ఇవ్వాలి.