పడవ మీద అరుగు

తార్నాకలో వీధులకు పేర్ల కన్నా నంబర్లే ఎక్కువ. అలాంటి ఒక నంబరు వీధి చివర మేడ మీద ఉంటారు మా మాస్టారు. ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీలో 'స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్' చెప్పి రిటైరయ్యారు. ఆగింది జీతమే, పాఠం ఆగలేదు. పొద్దున్నే వాకింగ్ వంకతో క్యాంపస్‌కు వెళ్లి, ఆర్ట్స్ కాలేజీ ముందు ఓ చుట్టు చుట్టి, టీ బండి దగ్గర దొరికినవాడికల్లా చెప్పేస్తుంటారు.

ఆ రోజు దొరికినాయన గోదావరి మనిషి. దిండి దగ్గర వశిష్టలో ఫైబరు పడవ తిప్పుతాడు. యూనివర్సిటీలో రీసెర్చి చేస్తున్న మేనల్లుణ్ణి చూసిపోదామని వచ్చాడు.

"పడవలో కుర్చీలు పీకించేసి ముందువైపు అరుగులాగా కట్టిద్దామనండి. ఫ్యామిలీలు కాళ్లు చాపుకుని కూకుని, కొబ్బరిచెట్లు చూసుకుంటా ఫొటోలు దిగుతారు. మా వడ్రంగి నాలుగు మేకులు కొడితే సరిపోద్దంటన్నాడండి."

మేకులన్న మాట చెవిన పడగానే మాస్టారు టీ గ్లాసు కింద పెట్టేశారు.

"ఎంతమంది కూర్చుంటారు?"

"ఆరుగురండి."

"మనిషికి 75 కిలోల చొప్పున 450. అయితే మనుషులు బొమ్మల్లా కూర్చోరు కదా! పడవ అల మీద ఎగిరి పడుతుంది, పిల్లలు గెంతుతారు. అందుకని నాలుగింతలకు లెక్క కడతాం. 1800 కిలోలు. దాన్నే ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ అంటారు."

"నాలుగింతలు!" అన్నాడాయన, కళ్లు పెద్దవి చేసి.

మేకులు కాదు, బోల్టులే కావాలంటూ వాటిని కొనడానికి మాస్టారు ఆయన్ని రాణీగంజ్ బయల్దేరదీశారు. నన్నూ రమ్మన్నారు. పాత శిష్యుణ్ణి, తప్పుతుందా! మొదటి కొట్టువాడు జింకు పూత బోల్టులు చూపించాడు. మాస్టారు వాటిని ముట్టుకోను కూడా లేదు. రెండోవాడు స్టీలు బోల్టు తీసి, అయస్కాంతం దగ్గర పెట్టి, "చూడుండ్రి సార్, అంటుకుంటలేదు. అసలు సరుకు" అన్నాడు. మాస్టారు నవ్వారు. 304 రకానికీ 316 రకానికీ తేడా అయస్కాంతం చెప్పదు, రెండూ దాదాపు అంటుకోవు. తేడా అంతా 316లో కలిపే రెండు మూడు శాతం మాలిబ్డినంలో ఉంది. ఉప్పునీళ్లను తట్టుకునేది అదే. దిండి నుంచి కిందికి పోతే అంతర్వేది, ఆ తర్వాత సముద్రమే. పోటు వచ్చినప్పుడు ఉప్పు ఏటిలోకి ఎగదన్నుతుంది. మాస్టారు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, బోల్టు తల వెలుతురుకు పెట్టి చూశారు. ఏ2 అని ఉంటే 304, ఏ4 అని ఉంటే 316. ఏ4 దొరికేసరికి మిట్టమధ్యాహ్నం అయింది.

అక్కడితో అయిందా? అల్యూమినియం యాంగిల్‌కు స్టీలు బోల్టు నేరుగా తగిలితే ఉప్పునీళ్లలో అల్యూమినియాన్ని తినేస్తుంది కాబట్టి మధ్యలో నైలాన్ వాషర్లు. ఇంజను అదురుకు ఊడిపోకుండా నైలాక్ నట్లు. పైన పరచడానికి ఐఎస్ 710 మార్కు మెరైన్ ప్లై. అన్నింటికన్నా ముఖ్యం, ఫైబరు వెనకవైపు వెడల్పాటి స్టీలు పలకలు.

"బోల్టు తెగదయ్యా! దాన్ని పట్టుకున్న ఫైబరు చిరుగుతుంది. ఎప్పుడైనా సరే, బలమైనదాన్ని తీసుకెళ్లి దేనికి బిగిస్తున్నామో అది చూసుకోవాలి" అన్నారు మాస్టారు. ఈ ఒక్క ముక్కా క్లాసులో ఇంత స్పష్టంగా చెప్పి ఉంటే మా బ్యాచిలో మరో పదిమంది పాసయ్యేవాళ్లు.

తార్నాకలోనే ఓ ఫ్యాబ్రికేషన్ షాపులో అరుగు తయారైంది. లారీ ఎక్కించే ముందు పరీక్ష పెట్టాలన్నారు మాస్టారు. హాస్టల్ నుంచి మేనల్లుడు ఆరుగురు కుర్రాళ్లను తెచ్చాడు. కూర్చోమన్నారు, కూర్చున్నారు. గెంతమన్నారు. ఇది చెప్పనక్కర్లేకుండానే గెంతారు. అరుగు వెంట్రుకవాసి కదల్లేదు.

పడవాయన చేతులు కట్టుకుని, "ఓ కాయితం రాసివ్వండి సార్" అన్నాడు. "కచ్చులూరు తరవాత ఎవరొచ్చినా ముందు కాయితమే అడుగుతున్నారండి."

అడగరూ మరి! 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట బోటు పాపికొండలు చూడబోయిన జనంతో సహా మునిగింది. నెల దాటితే గానీ బోటును గోదావరి అడుగు నుంచి పైకి తీయలేకపోయారు. మాస్టారు ముఖం గంభీరంగా పెట్టి, లెక్కంతా ఒక పేజీలో రాసి, 'ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ: 4' అన్నదాని కింద రెండు గీతలు గీసి, సంతకం పెట్టిచ్చారు.

సంక్రాంతి వెళ్లాక పడవాయన మళ్లీ వచ్చాడు, పూతరేకుల పెట్టెతో. నేనూ అక్కడే ఉన్నాను. మాస్టారు పూతరేకు జోలికి పోకుండా ముందు బోల్టుల క్షేమం అడిగారు.

"బ్రహ్మాండంగా ఉన్నాయండి! చుక్క తుప్పు లేదు. తమరి కాయితం లామినేషన్ చేయించి ఇంజను పక్కనే తగిలించానండి. ప్రొఫెసరుగారి సంతకం చూసి జనం కళ్లు మూసుకుని ఎక్కేస్తన్నారు. పండగ నాలుగు రోజులూ ఖాళీ లేదనుకోండి" అంటూ ఫోను తీసి వీడియో పెట్టాడు.

పాట మోగుతోంది. అరుగు కనబడటం లేదు, దాని మీద మనుషులే కనబడుతున్నారు. పడవ అంచుకీ నీళ్లకీ మధ్య జానెడు కూడా లేదు.

మాస్టారు ఫోను దగ్గరికి లాక్కున్నారు. "ఇదేమిటయ్యా? ఆరుగురన్నావుగా!"

"ఆయ్, ఆరుగురేనండి. తమరు నాలుగింతలకి కట్టారు కదండీ, ఇరవై నలుగురు."

"అది అరుగు బలమయ్యా! పడవ సంగతో?"

"పడవకేముందండీ, అది పాతదే. అయినా మరీ ఆశపడకూడదని ఇంకో నలుగుర్ని తగ్గించేసి ఇరవై మందినే ఎక్కిస్తన్నానండి. సేఫ్టీ ముఖ్యం కదండీ!"